ఎలక్ట్రాన్ విన్యాసం రాయడం ఎలా: హైడ్రోజన్ నుంచి భీమిలి ఇసుకలోని థోరియం దాకా

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఇనుము పరమాణువు ఎలక్ట్రాన్ విన్యాసం (ఏ గూట్లో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చెప్పే రాత) రాయమని ఇస్తే చాలామంది కరెక్టుగానే రాస్తారు. అదే ఇనుముకు 2+ ఆవేశం ఇచ్చి మళ్లీ రాయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. కాసేపు ఆలోచించి, 4ఎస్‌లోని రెండింటినీ అలాగే ఉంచి, 3డి⁶ని 3డి⁴ చేసేస్తారు. వాళ్ల వాదన వినడానికి బాగానే ఉంటుంది: చివర్లో నింపింది 3డి కదా, ముందు తీయాల్సింది కూడా అదే కదా అని. అక్కడే మార్కు పోతుంది.

నింపే వరుస వేరు, తీసే వరుస వేరు. ఈ మార్గదర్శి మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే. ఈ తేడా చేతికి అలవాటైతే 118 మూలకాల్లో దేన్నిచ్చినా, దాని ఏ అయాన్ (ఎలక్ట్రాన్లు పోయో చేరో ఆవేశం వచ్చిన పరమాణువు) ఇచ్చినా టెన్షన్ లేకుండా రాయొచ్చు. బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ. ఒక ఆవర్తన పట్టిక, పెన్సిల్, రఫ్ కాగితం దగ్గర పెట్టుకుని, నేను రాస్తున్న ప్రతి ఉదాహరణనూ మీరు కూడా రాస్తూ చదవండి. కళ్లతో చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో గుర్తురాదు.

ఉదాహరణల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. విశాఖపట్నంలో ఉన్నవాళ్ల చుట్టూనే ఉన్నాయి: బీచ్ గాలికి తుప్పు పట్టే గ్రిల్లు, ఉక్కు ఫ్యాక్టరీ ఇనుము, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి వైపు తీరంలో కనిపించే నల్ల ఇసుక. వాటినే వాడుకుందాం.

మొదటి మెట్టు: ఎలక్ట్రాన్లు ఎన్నో తేల్చుకోండి

తటస్థ పరమాణువులో పరమాణు సంఖ్య ఎంతో ఎలక్ట్రాన్లూ అన్నే. సోడియంకు 11, క్లోరిన్‌కు 17, ఇనుముకు 26. ఆ అంకెను పేజీ మూలన రాసి చుట్టూ సున్నా చుట్టండి. విన్యాసం రాయడం అయిపోయాక పైన వేసిన చిన్న అంకెలన్నీ కూడితే అదే రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. పది సెకన్ల పని ఇది, కానీ చేసేవాళ్లు తక్కువ.

అయాన్ ఇచ్చినప్పుడు ముందు తటస్థ పరమాణువుకే రాయండి. ఆ తర్వాతే తీయడమో కలపడమో చేయండి. మొత్తం ఎలక్ట్రాన్లను ముందే తగ్గించేసుకుని, ఆ తగ్గిన సంఖ్యతో కొత్తగా నింపుకుంటూ పోవడం ప్రమాదం. ఐరన్²⁺కు 24 ఎలక్ట్రాన్లు కాబట్టి 24వ మూలకమైన క్రోమియం లాగే రాసేస్తే సరిపోతుంది అనుకునేవాళ్లు ఉన్నారు. సరిపోదు. కేంద్రకంలో ప్రోటాన్లు ఇంకా 26 ఉన్నాయి. లాగే బలం మారింది కాబట్టి ఎలక్ట్రాన్ల అమరికా మారుతుంది.

రెండో మెట్టు: ఉపకర్పరాలు, వాటి పరిమితి

కర్పరానికి (కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొరకు) ప్రధాన క్వాంటం సంఖ్య ఎన్: 1, 2, 3, 4 అలా. ప్రతి కర్పరంలో ఉపకర్పరాలు ఉంటాయి. వాటిని ఎస్, పి, డి, ఎఫ్ అని రాస్తాం. వీటికి ఎల్ విలువలు వరుసగా 0, 1, 2, 3. ఒక ఉపకర్పరంలో ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే గదులు) 2ఎల్ + 1 ఉంటాయి. అంటే ఎస్‌లో 1, పిలో 3, డిలో 5, ఎఫ్‌లో 7.

ఒక్కో ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకు మించి పట్టవు. ఆ రెండింటి స్పిన్‌లు (పైకి, కిందికి బాణాలుగా గీసే ఎలక్ట్రాన్ గుణం) కూడా ఎదురెదురుగా ఉండాలి. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ (ఎన్, ఎల్, ఏ ఆర్బిటాల్, ఏ స్పిన్ అన్నవి) ఒకటిగా ఉండవని 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పిన వర్జన నియమం ఇదే. దాన్నిబట్టి ఎస్‌లో 2, పిలో 6, డిలో 10, ఎఫ్‌లో 14. ఈ నాలుగు అంకెలు మాత్రం గుర్తుండాలి. 1వ కర్పరంలో పి లేదు, 2వ దానిలో డి లేదు, 3వ దానిలో ఎఫ్ లేదు. 2డి అనో 3ఎఫ్ అనో మీ కాగితం మీద కనిపిస్తే వెంటనే కొట్టేయండి.

రాసే పద్ధతి తెలిసిందే: ముందు కర్పరం అంకె, తర్వాత ఉపకర్పరం అక్షరం, దాని నెత్తిన ఎలక్ట్రాన్ల సంఖ్య. 2పి⁴ అంటే రెండో కర్పరంలోని పి ఉపకర్పరంలో నాలుగు ఎలక్ట్రాన్లు.

మూడో మెట్టు: నింపే వరుస

తక్కువ శక్తి ఉన్న ఉపకర్పరం ముందు నిండుతుంది. ఏది తక్కువో తెలుసుకోవడానికి ఎన్ + ఎల్ కూడిక చూడండి. కూడిక తక్కువున్నది ముందు. రెండింటికీ కూడిక సమానమైతే ఎన్ తక్కువున్నది ముందు.

4ఎస్‌కు 4 + 0 = 4. 3డికి 3 + 2 = 5. కాబట్టి 4ఎస్ ముందు. 3డి, 4పి, 5ఎస్ మూడింటికీ కూడిక 5. ఎన్ చూస్తే 3, 4, 5. కాబట్టి అదే వరుస. ఇలా చివరిదాకా కట్టుకుంటూ పోతే:

1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి.

దీనికి మోయిలర్ చార్ట్ అనే వాలు బాణాల బొమ్మ అందరూ నేర్పుతారు. నేను దాన్ని పెద్దగా ప్రోత్సహించను. బాణాలు ఒక్క గడి పక్కకు జరిగితే చాలు, అక్కడి నుంచి అంతా తప్పే. పైగా ఎందుకలా అన్నది ఆ బొమ్మలో కనపడదు. దానికన్నా గోడకు తగిలించిన ఆవర్తన పట్టికే నమ్మకమైన ఆధారం, ఎందుకంటే ఆ పట్టిక ఆకారమే ఈ వరుస. ఎడమ చివర రెండు నిలువు వరుసలు ఎస్ బ్లాక్, కుడివైపు ఆరు పి బ్లాక్, మధ్యలో పది డి బ్లాక్, కింద విడిగా పెట్టిన రెండు పొడవాటి వరుసలు ఎఫ్ బ్లాక్. 2, 6, 10, 14 ఇక్కడ మళ్లీ కనిపిస్తున్నాయి చూడండి.

హైడ్రోజన్ దగ్గర వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి, ఒక అడ్డ వరుస అయ్యాక కింది వరుసకు, మీకు ఇచ్చిన మూలకం దాకా వెళ్లండి. దాటిన ప్రతి బ్లాక్ పేరూ రాసుకోండి. ఎస్, పి బ్లాకుల్లో పీరియడ్ (అడ్డ వరుస) అంకే కర్పరం అంకె. డి బ్లాక్‌లో ఒకటి తగ్గించాలి, ఎఫ్ బ్లాక్‌లో రెండు తగ్గించాలి. నాలుగో పీరియడ్‌లో ఉన్న డి బ్లాక్ 3డి. ఆరో పీరియడ్‌కు చెందిన ఎఫ్ బ్లాక్ 4ఎఫ్. హీలియం ఒక్కటే కుడి చివర పి బ్లాక్ పైన కూర్చుని ఉంటుంది, కానీ అది 1ఎస్².

ఇనుము దాకా వెళ్దాం. మొదటి వరుసలో 1ఎస్². రెండో వరుసలో 2ఎస్² 2పి⁶. మూడో వరుసలో 3ఎస్² 3పి⁶. నాలుగో వరుసలో పొటాషియం, కాల్షియం దాటితే 4ఎస్². తర్వాత స్కాండియం, టైటానియం, వనేడియం, క్రోమియం, మాంగనీస్, ఇనుము. డి బ్లాక్‌లో ఇనుము ఆరోది. కాబట్టి:

ఇనుము: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶

కూడి చూస్తే 2 + 2 + 6 + 2 + 6 + 2 + 6 = 26. సరిపోయింది.

ఇప్పుడే ఇంకో పని చేయండి. నింపడం పూర్తవగానే అంతా కర్పరాల వారీగా తిరగరాయండి. 3డిని 4ఎస్ కన్నా ముందుకు తీసుకురండి:

1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 3డి⁶ 4ఎస్²

రెండూ ఒకే విన్యాసం. మొదటిది నింపిన వరుస, రెండోది దూరాల వరుస. పరీక్షలో ఏది రాసినా తటస్థ పరమాణువుకు తప్పు పట్టరు. అయినా రెండోదాన్నే అలవాటు చేసుకోమని నేను ఒత్తి చెబుతాను. అయాన్ దగ్గరికి వచ్చేసరికి, తీయాల్సిన ఎలక్ట్రాన్లు సరిగ్గా కుడి చివర సిద్ధంగా ఉంటాయి.

నాలుగో మెట్టు: జడవాయువుతో కుదించి రాయడం

ప్రతిసారీ 1ఎస్ నుంచి రాయక్కర్లేదు. మీ మూలకానికి ముందున్న జడవాయువు పేరు చదరపు బ్రాకెట్‌లో పెట్టి, మిగిలింది రాస్తే చాలు. హీలియం 2, నియాన్ 10, ఆర్గాన్ 18, క్రిప్టాన్ 36, జినాన్ 54, రేడాన్ 86. ఈ ఆరు అంకెలు నోటికి రావాలి.

సోడియం: [నియాన్] 3ఎస్¹
క్లోరిన్: [నియాన్] 3ఎస్² 3పి⁵
ఇనుము: [ఆర్గాన్] 3డి⁶ 4ఎస్²
సీసం: [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్² 6పి²

బ్రాకెట్‌లో జడవాయువు తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఆర్గాన్ అయిపోయాక 3డి నిండింది కదా అని జింక్‌ను బ్రాకెట్‌లో పెట్టి గాలియం రాసినవాళ్లను చూశాను. లెక్క కుదురుతుంది గానీ ఆ పద్ధతిని ఎవరూ ఒప్పుకోరు.

ఐదో మెట్టు: బాక్సులు, బాణాలు

ఉపకర్పరంలో ఎన్ని ఉన్నాయో తెలిస్తే సరిపోదు, అవి ఎలా సర్దుకున్నాయో కూడా కావాలి. పికి మూడు బాక్సులు, డికి ఐదు గీయండి. ఒకే శక్తి ఉన్న ఆర్బిటాళ్లలో ముందు ఒక్కొక్క ఎలక్ట్రాన్ చొప్పున, అన్నీ ఒకే స్పిన్‌తో చేరతాయి. ప్రతి దానిలో ఒకటి వచ్చాకే జతకట్టడం మొదలవుతుంది. ఇది హుండ్ నియమం. రెండు ఎలక్ట్రాన్లు ఒకే ఆర్బిటాల్‌లో ఉంటే ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. వేర్వేరు ఆర్బిటాళ్లలో ఒకే స్పిన్‌తో ఉంటే శక్తి తగ్గుతుంది.

నైట్రోజన్ 2పి³: మూడు బాక్సుల్లో మూడు పైకి బాణాలు. ఆక్సిజన్ 2పి⁴: ఒక బాక్సులో జత, రెండు బాక్సుల్లో ఒంటరి. ఇనుము 3డి⁶: ఒక జత, నాలుగు ఒంటరి. ఈ ఒంటరి ఎలక్ట్రాన్ల లెక్క కాసేపట్లో మనకు చాలా ఉపయోగపడుతుంది.

ఆరో మెట్టు: నియమం తప్పే మూలకాలు

24వ మూలకం క్రోమియం. లెక్క ప్రకారం [ఆర్గాన్] 3డి⁴ 4ఎస్² రావాలి. నిజంగా ఉన్నది [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్¹. 29వది రాగి. 3డి⁹ 4ఎస్² కాదు, 3డి¹⁰ 4ఎస్¹. కారణం సగం నిండిన, పూర్తిగా నిండిన డి ఉపకర్పరానికి స్థిరత్వం ఎక్కువ అని పుస్తకాల్లో ఉంటుంది. పరీక్షకు అది రాయండి, తప్పు లేదు. 3డి, 4ఎస్ శక్తులు ఇక్కడ చాలా దగ్గరగా ఉంటాయి. ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఎక్కువైతే వచ్చే శక్తి లాభం, 4ఎస్‌లో జత విడిపోవడం వల్ల తగ్గే వికర్షణ, రెండూ కలిసి తూకాన్ని అటువైపు లాగుతాయి.

అయితే సగం నిండితే స్థిరత్వం అన్నమాటను అన్నిచోట్లా తాళంచెవిలా వాడకండి. క్రోమియం కింద ఉన్న మాలిబ్డినం దాని దారిలోనే వెళ్తుంది: [క్రిప్టాన్] 4డి⁵ 5ఎస్¹. ఆ కింద ఉన్న టంగ్‌స్టన్ వెళ్లదు: [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి⁴ 6ఎస్². రాగి కింద వెండి, బంగారం రెండూ రాగి లాగే ఉంటాయి. పల్లాడియం అయితే 5ఎస్‌ను పూర్తిగా ఖాళీ చేసేసి [క్రిప్టాన్] 4డి¹⁰గా ఉంటుంది. ప్లాటినం [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి⁹ 6ఎస్¹. నయోబియంలో 4డి⁴ 5ఎస్¹, అది సగమూ కాదు, నిండుగానూ లేదు.

ఈ మినహాయింపులను ఎవరో నియమం నుంచి లెక్కగట్టి కనుక్కోలేదు. వేడెక్కిన పరమాణువులు వెదజల్లే వెలుగును వర్ణపటంగా విడదీసి, ఆ గీతల నుంచి చదివారు. కొలత ముందు వచ్చింది, నియమం దానికి తోడు వచ్చింది. వర్ణపట శాస్త్రానికి మన వాల్తేరులోనే మంచి చరిత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ప్రయోగశాలలతో ఏళ్ల తరబడి ముడిపడి ఉన్న కొచ్చెర్లకోట రంగధామరావు గారు పేరు తెచ్చుకున్నది ఈ రంగంలోనే. విశాఖలో చదివే పిల్లలకు ఈ పేరు ఒక్కసారైనా వినిపించాలని నా కోరిక.

ఇంటర్‌కు క్రోమియం, రాగి తప్పనిసరి. పోటీ పరీక్షలకు మాలిబ్డినం, పల్లాడియం, వెండి, ప్లాటినం, బంగారం కూడా చూసుకోండి. మిగతావి అవసరమైనప్పుడు పట్టిక చూసి రాసుకుంటే నామోషీ ఏమీ లేదు.

ఏడో మెట్టు: అయాన్లు

రుణ అయాన్లు సులువు. ఎన్ని రుణావేశాలో అన్ని ఎలక్ట్రాన్లను తర్వాత నిండాల్సిన చోట కలపండి. క్లోరిన్ 3పి⁵కు ఒకటి కలిపితే క్లోరైడ్ 3పి⁶, అంటే ఆర్గాన్ అమరిక. ఆక్సిజన్ 2పి⁴కు రెండు కలిపితే ఆక్సైడ్ 2పి⁶, అంటే నియాన్ అమరిక.

ఎస్, పి బ్లాకుల ధన అయాన్లూ అంతే సులువు. సోడియం 3ఎస్¹ పోతే మిగిలేది నియాన్ అమరిక. మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు చాలు. రెండోది తీయాలంటే 4562 కావాలి. సముద్రం నీళ్లలో సోడియం⁺ ఉంటుంది తప్ప సోడియం²⁺ ఎందుకు ఉండదో ఈ రెండు అంకెలే చెప్పేస్తాయి. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం⁺, మెగ్నీషియం²⁺, అల్యూమినియం³⁺ అన్నిటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లే, అన్నిటి విన్యాసమూ నియాన్‌దే. వీటిని ఐసోఎలక్ట్రానిక్ జాతులంటారు. వీటి సైజులు వరుసలో పెట్టమని తరచూ అడుగుతారు. ప్రోటాన్లు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది.

అసలు చిక్కు డి బ్లాక్‌తోనే. సూత్రం: తీసేటప్పుడు ఎన్ + ఎల్ చూడకండి. ఎన్ ఒక్కటే చూడండి. ఎన్ ఎక్కువున్న కర్పరం నుంచి ముందు తీయండి. ఒకే కర్పరంలో అయితే పి ముందు, ఎస్ తర్వాత.

ఇనుము: [ఆర్గాన్] 3డి⁶ 4ఎస్²
ఫెర్రస్, అంటే ఐరన్²⁺: [ఆర్గాన్] 3డి⁶
ఫెర్రిక్, అంటే ఐరన్³⁺: [ఆర్గాన్] 3డి⁵

4ఎస్‌లోని రెండూ ముందు పోయాయి. మూడోది కావాల్సి వచ్చినప్పుడే 3డిని ముట్టుకున్నాం.

ఎందుకిలా? పొటాషియం, కాల్షియంల దగ్గర 4ఎస్ శక్తి నిజంగానే 3డి కన్నా తక్కువ. స్కాండియం నుంచి కథ మారుతుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ, లోపలగా ఉండే 3డి గట్టిగా లాగబడి శక్తిలో 4ఎస్ కన్నా కిందికి దిగుతుంది. మరి తటస్థ స్కాండియంలో మూడూ 3డిలోకే ఎందుకు వెళ్లవు అంటే, 3డి చిన్నది. దానిలో ఎలక్ట్రాన్లు కిక్కిరిస్తే వికర్షణ పెరుగుతుంది. రెండు ఎలక్ట్రాన్లు దూరంగా, విశాలంగా ఉన్న 4ఎస్‌లో ఉంటేనే మొత్తం పరమాణువు శక్తి తక్కువ. కానీ ఎలక్ట్రాన్ బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, కేంద్రకానికి దూరంగా, ఎక్కువ శక్తిలో ఉన్న 4ఎస్‌దే ముందు పోతుంది. స్కాండియం⁺ 3డి¹ 4ఎస్¹గా, స్కాండియం²⁺ 3డి¹గా ఉంటాయని వర్ణపటాలూ అదే చెబుతాయి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తప్పును పరీక్షిద్దాం. ఐరన్²⁺ను తప్పుగా 3డి⁴ 4ఎస్² అని రాస్తే ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు. సరైన 3డి⁶లోనూ నాలుగే. అందుకే ఆ తప్పు చాలామందికి బయటపడదు, జవాబు కలిసిందని ముందుకెళ్లిపోతారు. ఐరన్³⁺ దగ్గర బండారం బయటపడుతుంది. తప్పుదారిలో 3డి³ 4ఎస్², ఒంటరివి మూడు. సరైన దారిలో 3డి⁵, ఒంటరివి ఐదు. ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను, దానికి రెండు కలిపితే వచ్చే సంఖ్యతో గుణించి వర్గమూలం తీస్తే అయస్కాంత భ్రామకం వస్తుంది. మూడుకు 3.87, ఐదుకు 5.92 బోర్ మాగ్నెటాన్లు (అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రమాణం). నీటిలో ఉన్న ఫెర్రిక్ లవణాలను కొలిస్తే వచ్చేది 5.9 దగ్గరే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

ఒక జాగ్రత్త. ఇక్కడ రాస్తున్నవన్నీ విడి అయాన్లకు. సయనైడ్ లాంటి బలమైన లైగాండ్లు (లోహ అయాన్‌కు అతుక్కునే అయాన్లు, అణువులు) చుట్టూ చేరితే డి ఎలక్ట్రాన్లు జతకట్టి ఒంటరివి తగ్గిపోవచ్చు. అది సంశ్లిష్ట సమ్మేళనాల పాఠం. కానీ అక్కడా మొదలుపెట్టాల్సింది ఈ 3డి⁵, 3డి⁶ల నుంచే.

గ్రిల్లు మీద తుప్పు, దిబ్బల ఎరుపు

లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో సముద్రం వైపున్న బాల్కనీ గ్రిల్లు దగ్గరికి వెళ్లి చూడండి. పెయింట్ ఎక్కడ పగిలిందో, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల దగ్గర, అక్కడి నుంచి నారింజ రంగు పొలుసులు లేచి ఉంటాయి. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. ఇనుము ముందు రెండు 4ఎస్ ఎలక్ట్రాన్లు వదిలి ఐరన్²⁺ అవుతుంది. గాలిలోని ఆక్సిజన్ దాన్నుంచి ఇంకొకటి లాక్కుని ఐరన్³⁺ చేస్తుంది. చేతికి అంటిన ఆ పొడి ఎక్కువగా నీటిని పట్టుకున్న ఫెర్రిక్ ఆక్సైడ్. లోహపు 3డి⁶ 4ఎస్² నుంచి 3డి⁵కు జరిగిన ప్రయాణం మొత్తం మీ వేలి మీద ఉంది. ఉప్పుగాలి ఆ పలుచని తేమ పొరలో విద్యుత్ వాహకతను పెంచుతుంది. అందుకే బీచ్ రోడ్డు ఇళ్లలో తుప్పు అంత త్వరగా పడుతుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగుకు కారణం కూడా ఇసుక రేణువుల మీద పట్టిన ఐరన్³⁺ ఆక్సైడే.

మాంగనీస్‌ను ఇనుముతో పక్కపక్కన పెట్టి చూస్తే 3డి⁵ బలం తెలుస్తుంది. విశాఖ పోర్టుకు ఖనిజంగా వచ్చే మాంగనీస్ విన్యాసం [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్². 2+ అయితే 3డి⁵. దాన్నుంచి మూడో ఎలక్ట్రాన్ తీయాలంటే మోల్‌కు 3248 కిలోజౌళ్లు కావాలి. ఇనుముకు మూడోది తీయడానికి 2957 చాలు, ఎందుకంటే ఆ తీసింది 3డి⁶లో జతగా ఉన్నది, పోయాక మిగిలేది 3డి⁵.

తీసే వరుసకు ఇంకొన్ని

జింక్: [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్². జింక్²⁺: [ఆర్గాన్] 3డి¹⁰. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, 3డిలో ఖాళీ కూడా లేదు, అందుకే జింక్ లవణాలు మామూలుగా తెల్లగా ఉంటాయి. జీఐ పైపుల మీద, షీట్ల మీద ఉండే పూత జింక్ లోహమే. ఇనుముకన్నా ముందు తన 4ఎస్² ఇచ్చేసి ఇనుమును కాపాడుతుంది.

రాగి: [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్¹. రాగి⁺: 3డి¹⁰. రాగి²⁺: 3డి⁹. మైలుతుత్తం నీలంగా ఉండటం వెనక ఆ 3డి⁹లోని ఒక్క ఖాళీ ఉంది. క్రోమియం³⁺: 3డి³. ఇక్కడ పరమాణువుకు మినహాయింపు విన్యాసం రాసి మొదలుపెట్టినా, మామూలుది రాసి మొదలుపెట్టినా జవాబు ఒకటే వస్తుంది. రాగి⁺ దగ్గర మాత్రం మామూలుది రాస్తే 3డి⁹ 4ఎస్¹ వచ్చి తప్పుతారు.

సీసంలో రెండు దశలు చూడొచ్చు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ నీళ్ల కింద నడిచింది సీసం బ్యాటరీల మీదే. సీసం [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్² 6పి². అన్నిటికన్నా పెద్ద ఎన్ 6. దానిలో 6పి ముందు పోతుంది కాబట్టి సీసం²⁺ [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్². తర్వాత 6ఎస్ కూడా పోతే సీసం⁴⁺ [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰. 5డిని ఎవరూ ముట్టుకోలేదు. బ్యాటరీ వాడుతున్నప్పుడు ఒక పలక మీద లోహ సీసం 2+ స్థితికి, ఇంకో పలక మీద డయాక్సైడ్‌లోని సీసం 4+ నుంచి 2+ స్థితికి వస్తాయి. మారుతున్నది 6పి, 6ఎస్ ఎలక్ట్రాన్ల లెక్కే.

భీమిలి నల్ల ఇసుక

భీమిలి తీరంలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. గుప్పెట్లో పట్టుకుంటే మామూలు ఇసుక కన్నా బరువుగా ఉంటుంది. ఆ బరువైన ఖనిజాల్లో ఇల్మనైట్, జిర్కాన్, గార్నెట్, మోనజైట్ ఉంటాయి. ఎఫ్ బ్లాక్ దాకా ప్రాక్టీస్ చేయడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

ఇల్మనైట్ ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. టైటానియం [ఆర్గాన్] 3డి² 4ఎస్². దానిలో టైటానియం⁴⁺గా ఉంటుంది, అంటే నాలుగూ పోయి ఆర్గాన్ మిగిలింది. పక్కనే ఉన్న ఇనుము 2+, 3డి⁶. జిర్కాన్‌లోని జిర్కోనియం [క్రిప్టాన్] 4డి² 5ఎస్². 4+ అయితే క్రిప్టాన్.

మోనజైట్ అరుదైన మృత్తిక లోహాల ఫాస్ఫేట్, దానిలో థోరియం కూడా ఉంటుంది. సీరియం 58వ మూలకం, విన్యాసం [జినాన్] 4ఎఫ్¹ 5డి¹ 6ఎస్². ఎన్ పెద్దది ముందు అన్న సూత్రమే వాడండి: 6ఎస్² పోయింది, 5డి¹ పోయింది, సీరియం³⁺ [జినాన్] 4ఎఫ్¹. 4+ అయితే ఆ ఒక్కటీ పోయి జినాన్. లాంథనైడ్లలో (4ఎఫ్ నిండే వరుసలోని మూలకాల్లో) 3+ అయాన్లన్నీ ఇలా 4ఎఫ్ మాత్రమే మిగిల్చుకుంటాయి. గాడోలినియం [జినాన్] 4ఎఫ్⁷ 5డి¹ 6ఎస్², దాని 3+ అయాన్ 4ఎఫ్⁷, ఏడూ ఒంటరివే.

థోరియం 90వది. వరుస ప్రకారం 5ఎఫ్² రావాలి, కానీ ఉన్నది [రేడాన్] 6డి² 7ఎస్². ఎఫ్ బ్లాక్ గడిలో కూర్చున్నా ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. థోరియం⁴⁺ రేడాన్ అమరికకు వచ్చేస్తుంది.

మీరే చేయండి

ఈ ఏడింటికీ ముందు పరమాణువు, తర్వాత అయాన్ విన్యాసం, ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య రాసి, ఆపైన కిందికి చూడండి: సల్ఫైడ్ అయాన్, నికెల్²⁺, కోబాల్ట్³⁺, వెండి⁺, తగరం⁴⁺, తగరం²⁺, వనేడియం³⁺.

సల్ఫైడ్ ఆర్గాన్ అమరిక, ఒంటరివి లేవు. నికెల్²⁺ [ఆర్గాన్] 3డి⁸, రెండు. కోబాల్ట్³⁺ [ఆర్గాన్] 3డి⁶, విడి అయాన్‌కు నాలుగు. వెండి⁺ [క్రిప్టాన్] 4డి¹⁰, సున్నా. తగరం⁴⁺ కూడా [క్రిప్టాన్] 4డి¹⁰, సున్నా. తగరం²⁺ [క్రిప్టాన్] 4డి¹⁰ 5ఎస్², సున్నా. వనేడియం³⁺ [ఆర్గాన్] 3డి², రెండు.

వెనక నుంచి కూడా అడుగుతారు. ఒక 2+ అయాన్ విన్యాసం [క్రిప్టాన్] 4డి⁸, మూలకం ఏది? 36 + 8 = 44 ఎలక్ట్రాన్లు, పోయిన రెండూ కలిపితే 46. పల్లాడియం. పరమాణువులో దానికి 5ఎస్ ఎలక్ట్రాన్లే లేవు కాబట్టి, ఈ ఒక్కచోట తీసిన రెండూ 4డి నుంచే పోయాయి.